ఊరు ఒకచోట, స్టేషన్ ఒకచోట

(సచిన్‌లో తెలుగు నేత కార్మికుల సభలో చేసిన స్మారక ఉపన్యాసానికి అచ్చు రూపం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ పెద్దాయన్ని నేను చూసింది మూడు నాలుగుసార్లే. ఇక్కడ ఎవరూ ఆయన్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. అందరికీ ‘సార్’. అలాగని బడిలో పాఠాలు చెప్పినవాడు కాదు. పగలంతా సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపి, సాయంత్రం రిజర్వేషన్ హాల్లో ఓ మూల నిలబడి, చదువు రాని మనవాళ్ళకు టికెట్టు ఫారాలు నింపిపెట్టినవాడు. పైసా తీసుకునేవాడు కాదు. చాయ్ ఇప్పిస్తే మాత్రం కాదనేవాడు కాదు.

మొదటిసారి చూసిన రోజు బాగా గుర్తుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, జుట్టులో ఇంకా దూది పీచు, ఫారం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “ఏడ దిగుతవ్ బిడ్డా?” అన్నాడు సార్. “సిరిసిల్ల” అన్నాడు వాడు. “సిరిసిల్లకు బండి లేదు గదరా. వరంగల్ల దిగుతవా, రామగుండంల దిగుతవా?” కుర్రాడికి జవాబు తెలీదు. సార్ ఫారం మీద వరంగల్ అని రాసి, దాన్ని తిప్పి, వెనకవైపు పెన్సిల్‌తో ఏదో రాయడం మొదలుపెట్టాడు. నేను తొంగిచూశాను. నవజీవన్ బండి సాయంత్రం దింపుతుంది, బస్టాండు స్టేషన్‌కి ఎదురుగానే, కరీంనగర్ బస్సు ఫలానా, అక్కడ రాత్రయితే సిరిసిల్ల బస్సు దొరకదు, కరీంనగర్ బస్టాండులోనే పండుకో, తెల్లారి మొదటి బస్సు పట్టుకో. చివర గీత గీసి, ‘సంచి తలకింద పెట్టుకో’ అని కూడా రాశాడు. ఆ తర్వాత అదంతా ఓ చీటీ మీదికి ఎక్కించి వాడి జేబులో పెట్టాడు.

నేను అప్పటికి రైల్వేలో లైన్లు సర్వే చేసే విభాగంలో ఉన్నాను. ఎక్కడినుంచి ఎక్కడికి అన్న రెండు గళ్ళు ఫారం ముందువైపు ఉంటాయి. నా ఉద్యోగమంతా ఆ రెండు గళ్ళ మధ్యే నడిచింది. సార్ చదువు ఫారం వెనకవైపుది. టికెట్టు మీద ఉండే ఊరు వేరు, మనిషి వెళ్ళే ఊరు వేరు అని నాకు ఆ పెన్సిల్ రాతలు చూశాకే తట్టింది.

బుల్లెట్ రైలు గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. మీ పక్కనుంచే పోతోంది కాబట్టి అడగడం న్యాయమే. నేను మాత్రం దాన్ని ఫారం వెనకవైపు నుంచి చూసి చెబుతాను.

ముందు ఈ ఊరి సంగతి. సూరత్ ప్రాంతానికి రైలు కొత్త కాదు. బాంబే బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తన మొదటి బండిని 1860లో నడిపింది అంకలేశ్వర్ నుంచి తాపీ నది ఒడ్డున ఉన్న ఉత్రాణ్ దాకా. 1864కల్లా ఆ పట్టాలు బొంబాయి చేరాయి. ఆ దారిలోనే సచిన్ ఉంది. అప్పట్లో ఇది సిద్దీ నవాబుల సంస్థానం, 1791లో పుట్టింది, ఆఫ్రికా మూలాలున్న వంశం. 1931లో వచ్చిన మన మొదటి టాకీ ‘ఆలం ఆరా’ కథానాయిక జుబేదా ఇక్కడి నవాబు కూతురేనని చెబుతారు. రైలుకు సంబంధం లేని మాటే, కానీ సచిన్ అంటే క్రికెట్టు ఒక్కటే గుర్తొచ్చే పిల్లలు ఈ సభలో ఉన్నారు, వాళ్ళ కోసం చెప్పాను. సంస్థానం పోయింది, జీఐడీసీ పారిశ్రామికవాడ వచ్చింది, సాంచెలు వచ్చాయి, మనం వచ్చాం. వీటన్నిటికీ ఆధారం ఊరి నడుమ ఉన్న ఆ పాత స్టేషనే.

ఇప్పుడు కొత్త లైను. ముంబై–అహ్మదాబాద్ మార్గం 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లు. 2017 సెప్టెంబరు 14న సబర్మతిలో మన ప్రధాని, జపాన్ ప్రధాని షింజో అబే కలిసి శంకుస్థాపన చేశారు. మొదటి అంచనా 1.08 లక్షల కోట్ల రూపాయలు. అందులో 81 శాతం జపాన్ అప్పు, 0.1 శాతం వడ్డీ, తీర్చడానికి 50 ఏళ్ళు. మొదటి ముక్క సూరత్ దగ్గరే, 2027 ఆగస్టులో మొదలవుతుందని రైల్వే మంత్రి చెప్పారు. ఈ లైను సచిన్‌కి తూర్పుగా, పొలాల మీదుగా, స్తంభాల మీద పోతోంది. ఒక్కో వారధి దూలం 40 మీటర్ల పొడవు, 970 టన్నుల బరువు. అచ్చుపోసిన దూలాన్ని అలాగే ఎత్తుకెళ్ళి రెండు స్తంభాల మీద దించుతారు. అది దిగుతున్నప్పుడు చూడండి, వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళండి. ఇంజనీరుగా నాకు ఈర్ష్య పుట్టిన పని అది.

పాత స్టేషన్ మీదుగా ఎందుకు పోదు అని నన్ను చాలామంది అడిగారు. కుట్రేమీ లేదు, వంపు సంగతి. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక కిలోమీటరు వ్యాసార్ధమున్న వంపు తిరిగిందనుకోండి, లోపలి మనిషిని పక్కకు నెట్టే బలం అతని బరువులో ఐదింట నాలుగు వంతులుంటుంది. టీ గ్లాసు కాదు, టీ తాగే మనిషే ఎగిరిపోతాడు. అదే వంపు ఆరు కిలోమీటర్ల వ్యాసార్ధమైతే ఆ బలం ఏడో వంతుకు పడిపోతుంది, పట్టాలను ఓ పక్కకు వాల్చి వేస్తే మిగిలింది పెద్దగా తెలీదు. అందుకే ఈ లైనుకు ఆరు కిలోమీటర్లు పెట్టుకున్నారు. 1964లో జపాన్ వేసిన మొదటి షింకన్‌సెన్‌కు రెండున్నర కిలోమీటర్లే, వేగం పెరిగిన కొద్దీ వాళ్ళకది గుదిబండ అయింది. ఇలాంటి గీతను సూరత్ లాంటి కిక్కిరిసిన ఊళ్ళోకి తిప్పాలంటే వేల ఇళ్ళు పోవాలి, లేదా నేలకిందికి దిగాలి. కాబట్టి గీత ఊరి బయటికి జరిగింది.

గీత గీయడం ఇంజనీరు పని. స్టేషన్ చుక్క ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఇంజనీరు ఒక్కడి పని కాదు, అక్కడే అందరూ తప్పుకుంటారు. మేమూ తప్పుకున్నాం.

చుక్కలు ఎక్కువ పెడితే వేగం పోతుంది. ఈ లైనులో అన్ని స్టేషన్లలో ఆగే బండికి 2 గంటల 58 నిమిషాలు పడుతుందని, కొన్నిట్లోనే ఆగేదానికి 2 గంటల 7 నిమిషాలని లెక్క వేశారు. అంటే ఆగుళ్ళ ఖరీదు 51 నిమిషాలు. ఈ లెక్క చూపించి ప్రణాళిక వేసేవాళ్ళు చిన్న ఊళ్ళ నోరు మూయిస్తారు. నిమిషాలు లెక్కపెట్టడం మంచిదే. ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టమని నా గొడవ.

సూరత్ చుక్కను కామ్రేజ్ తాలూకాలోని అంత్రోలి గ్రామం దగ్గర పెట్టారు. వజ్రం ఆకారంలో ముఖద్వారం, చూడచక్కని కట్టడం. నిన్న మధ్యాహ్నం నేను పనిగట్టుకుని సచిన్ స్టేషన్ నుంచి అక్కడికి వెళ్ళాను. గడియారం చూసుకుని బయల్దేరాను. షేర్ ఆటోలో పల్సాణా వైపు, మధ్యలో ఓ చోట దిగి ఇంకో ఆటో, కడోదరా దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఓ పది నిమిషాలు, ఆఖరికి స్తంభాల నీడలో దిగేసరికి గంటా ఇరవై నిమిషాలు. పక్కన కూర్చున్న ఒడియా కుర్రాడు, గంజాం వాడు, ‘అక్కడేం పని మీకు’ అని అడిగాడు. రైలు కోసం అన్నాను. ‘రైలు కావాలంటే ఉధనా పోవాలి గానీ’ అన్నాడు, దారి తెలీని ముసలాయన దొరికాడనుకుని.

అంత్రోలి నుంచి బిలిమోరాకు 50 కిలోమీటర్లు, బుల్లెట్ రైలుకు పావుగంట పని. సచిన్ నుంచి అదే బిలిమోరాకు పాత లోకల్లో గంటలోపే దిగొచ్చు. గంటా ఇరవై నిమిషాలు ఆటోల్లో తిరిగి పావుగంట రైలెక్కడం ఎవరికి లాభం? బిలిమోరాకు బుల్లెట్ రైల్లో ఎవరు పోతారని మీరు నవ్వొచ్చు. ముంబై దాకా లెక్కేసినా ఆ గంటా ఇరవై నిమిషాలు మీ వెంటే వస్తాయి.

ఇదే లైనులో వడోదరా, అహ్మదాబాద్ చూడండి. అక్కడ కొత్త స్టేషన్లను పాత స్టేషన్లకు ఆనించే కట్టారు. అహ్మదాబాద్‌లో అయితే పాత ప్లాట్‌ఫాంల నెత్తినే లేపారు. బుల్లెట్ దిగిన మనిషి మెట్లు దిగితే లోకల్ బండి. అది ఖరీదైన పని, పాత బండ్లు నడుస్తుండగా రాత్రిళ్ళు గంటలు లెక్కపెట్టుకుని చేసిన పని. అయినా చేశారు. అహ్మదాబాద్‌లో చేయగలిగింది సూరత్‌లో చేయలేకపోవడానికి పైన చెప్పిన వంపు కొంత కారణం. మొత్తం కారణం అదేనని నేను ఒప్పుకోను. ఊరి బయట పెట్టినా ఊరితో కలపొచ్చు. సూరత్ మెట్రో మొదటి దశ రెండు దారులు కలిపి 40 కిలోమీటర్లు. ఒకటి సర్థానా నుంచి డ్రీమ్ సిటీకి, రెండోది భేసాన్ నుంచి సారోలికి. సారోలి అంత్రోలి వైపే ఉంది, కానీ మొదటి దశ గీత అక్కడితో ఆగింది. సచిన్ అయితే రెంటిలోనూ లేదు.

మాది ఆమదాలవలస. మా ఊరి స్టేషన్ పేరు ‘శ్రీకాకుళం రోడ్’. చిన్నప్పుడు ఆ బోర్డు చదువుకుంటూ శ్రీకాకుళం మా ఊళ్ళోనే ఉందనుకునేవాణ్ణి. బండి దిగిన కొత్తవాళ్ళు కూడా అలాగే అనుకుని సామాను దించుకుని, బయటికొచ్చి, శ్రీకాకుళం ఏదీ అని అడిగేవారు. మరో డజను కిలోమీటర్లు బస్సులో పోవాలని చెప్పేది మేమే. తెలుగునాట ఇలాంటివి ఇంకా ఉన్నాయి. భద్రాచలం రోడ్‌లో దిగితే వచ్చేది కొత్తగూడెం. రాముడు ఇంకో నలభై కిలోమీటర్ల అవతల, గోదావరి ఒడ్డున ఉంటాడు. మంత్రాలయం రోడ్ అంతే. స్టేషన్ పేరు చివర ‘రోడ్’ ఉందంటే ఆ ఊరు అక్కడ లేదని అర్థం. ఇంగ్లీషు కంపెనీలు ఆ మాత్రం నిజాయతీ చూపాయి. మన కాలంలో ఆ మాట కూడా తీసేశారు. అంత్రోలి బోర్డు మీద ‘సూరత్ రోడ్’ అని రాస్తే నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. ఫ్రాన్సులో పారిస్ నుంచి ఉత్తరాన లీల్ వైపు వేసిన వేగపు లైను మీద 1994లో ఓత్ పికార్డీ అనే స్టేషన్ తెరిచారు. ఆమియాఁ, సాఁ కాంతాఁ అనే రెండు ఊళ్ళూ నాకు కావాలంటే నాకు కావాలన్నాయి. తీర్పుగా రెంటికీ మధ్య పొలాల్లో పెట్టారు, మామూలు రైలు లైను ఏదీ దాన్ని తాకదు. జనం దానికి ‘చక్కెర దుంపల స్టేషన్’ అని పేరు పెట్టుకున్నారు.

జపాన్‌లో రెండు స్టేషన్ల కథ ఇంకా బాగుంటుంది. 1964 అక్టోబరు 1న టోక్యో–ఒసాకా లైను తెరిచినప్పుడు షిన్ యొకొహామా చుట్టూ పొలాలే, గిఫు హషిమా చుట్టూ పొలాలే. రెండోదాన్ని అక్కడికి రప్పించిన ఘనత బన్‌బొకు ఓనో అనే నాయకుడిదంటారు. స్టేషన్ ఎదుట ఆయనా, ఆయన భార్యా విగ్రహాలై నిలబడి ఉన్నారు. ఇవాళ షిన్ యొకొహామాలో ఆ లైను మీది అతి వేగపు బండ్లన్నీ ఆగుతాయి, గిఫు హషిమాలో అవి ఆగవు. ఒకటి మహానగరం పక్కన ఉంది, అది నిజమే. ఇంకో సంగతీ ఉంది. షిన్ యొకొహామాను మొదటిరోజు నుంచే మామూలు లైను ఒకటి దాటే చోట పెట్టారు, 1985లో మెట్రో కూడా తెచ్చి కలిపారు. గిఫు హషిమాకు అనుబంధ రైలు రావడానికి 18 ఏళ్ళు పట్టింది. మీకు నేను చెప్పాలా, పడుగు ఎంత గట్టిదైనా పేక లేకుండా గుడ్డ కాదు.

ఇక మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. ఈ బండి మనదా? సాంచె మీద బతికే మనిషి పగారుకు దాని టికెట్టు అందదు. అది ధనికుల బండి, మనకెందుకు అనేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. జపాన్ ఆ లైను వేసింది డాబుకు కాదు. టోక్యో–ఒసాకా మధ్య పాత లైను నిండిపోయి ఇంక బండి పట్టని స్థితికి వచ్చింది. పక్కన కొత్త జత పట్టాలు వేసి వేగపు బండ్లను అటు మళ్ళిస్తే పాత పట్టాలు మామూలు బండ్లకు ఖాళీ అవుతాయన్నది షింజి సోగో, హిదెయో షిమా అనే ఇద్దరి వాదన. ఒకాయన రైల్వే అధ్యక్షుడు, ఇంకొకాయన ముఖ్య ఇంజనీరు. ఖర్చు అంచనాకు దాదాపు రెట్టింపైంది. ఇద్దరూ 1963లో పదవులు వదులుకున్నారు. మరుసటి ఏడు తొలి బండికి జెండా ఊపినప్పుడు ఆ వేదిక మీద ఇద్దరూ లేరు.

మన ముంబై–అహ్మదాబాద్ పాత లైనుదీ అదే స్థితి. వేగపు బండ్లు కొన్నైనా కొత్త స్తంభాల మీదికి ఎక్కితే, కింద ఖాళీ అయ్యే వేళల్లో ఎవరి బండి నడుస్తుందన్నది మనకు సంబంధించిన ప్రశ్న. 2023 నవంబరు 11, దీపావళి ముందురోజు, సూరత్ స్టేషన్‌లో ఊరికి పోయే జనం రద్దీలో ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ ఖాళీ వేళలు తాపీ లోయ మీదుగా భుసావల్, వరంగల్ వైపు పోయే జనరల్ బోగీల బండికి ఇస్తారా, ఇంకో ఏసీ బండికి ఇస్తారా? కొత్త లైను ప్రణాళిక వేసినప్పుడే పాత లైను కొత్త టైంటేబుల్ కూడా పక్కన పెట్టి అచ్చువేయాలి. అలా చేయనంతకాలం, పాత పట్టాలు మీకే వదిలేస్తాం అన్న మాటను నమ్మకండి. నేను లోపల ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మన రాష్ట్రాల సంగతికొస్తాను. 2009 డిసెంబరులో రైల్వే ‘విజన్ 2020’ పత్రంలోనే హైదరాబాద్–డోర్నకల్–విజయవాడ–చెన్నై వేగపు లైను ఉంది. 2020 వచ్చింది, పోయింది. ముంబై–హైదరాబాద్ 711 కిలోమీటర్ల లైను ఇంకో జాబితాలో వచ్చింది. చెన్నై–మైసూరు 435 కిలోమీటర్ల ప్రతిపాదనలో చిత్తూరుకు ఒక చుక్క దక్కింది. 2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్టులో ఏడు వేగపు మార్గాలు ప్రకటించారు. పుణె–హైదరాబాద్, హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై అని మూడు మార్గాలు హైదరాబాద్‌ను తాకుతాయి. ఆ రాత్రి టీవీల్లో చర్చంతా ఎన్ని గంటల్లో చేరతామన్నదే. కర్నూలు వాళ్ళు ఎక్కడ ఎక్కుతారని అడిగినవారు నాకు కనపడలేదు.

అడగాల్సింది అదే. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు విమానాలున్నాయి, ఆ రెండు ఊళ్ళవాళ్ళకు తొందర ఉంటే తీరే దారి ఉంది. మహబూబ్‌నగర్ నుంచి అనంతపురానికి, నెల్లూరు నుంచి ఖమ్మానికి తొందరగా పోవాల్సినవాడికి ఏ దారీ లేదు. వేగపు లైను నిజంగా మార్చగలిగింది ఈ నడిమి ఊళ్ళ బతుకునే. 2023 సెప్టెంబరులో కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ మొదలైంది. మహబూబ్‌నగర్‌లో, కర్నూలులో, అనంతపురంలో అది ఊళ్ళోని పాత స్టేషన్‌లోనే ఆగుతుంది. ఎనిమిదిన్నర గంటల బండి, నెమ్మదే. కానీ దిగిన చోట ఊరుంది. రేపు 320 కిలోమీటర్ల బండి వచ్చి కర్నూలుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఎవరో ముందే కొనిపెట్టుకున్న భూముల పక్కన దించితే, దాన్ని ప్రగతి అని పిలవమంటారు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద, ఊరి పేరు చెప్పను, ఒక కొత్త లైను సర్వేలో నేనున్నాను. ఊరి పక్కనుంచి పోతే ఒక చెరువు కట్ట, రెండు వంతెనలు తగులుతాయి. నాలుగు కిలోమీటర్లు జరిపితే చదును నేల, ఖర్చు తగ్గుతుంది. జరిపాం. నా నివేదికలో ‘స్టేషన్‌కు రోడ్డు సౌకర్యం కలదు’ అని ఒక వాక్యం రాశాను. ఆ రోడ్డు మీద బస్సు తిరుగుతుందా లేదా అని నేను చూడలేదు. పదేళ్ళ తర్వాత ఆ స్టేషన్‌లో దిగాల్సొచ్చింది. రాత్రి తొమ్మిదిన్నర. నాతో పాటు దిగిన ఓ తల్లి చంకలో పిల్లనేసుకుని, నెత్తిన సంచి పెట్టుకుని చీకట్లో నడక మొదలుపెట్టింది. నేను ఆగి ఉన్న ఒకే ఒక్క ఆటో ఎక్కాను. ఆమెను ఎక్కించుకోవాలని నాకు తట్టేసరికి ఆటో సగం దూరం వచ్చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది సార్ పెన్సిల్.

సిరిసిల్ల కుర్రాడి సంగతి ముగించి దిగుతాను. వాడి ఊరి మీదుగా వేసే మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది, 151 కిలోమీటర్లు. సిద్దిపేటకు తొలి బండి 2023 అక్టోబరు 3న వచ్చింది, అప్పటికీ సిరిసిల్ల ముందున్న మజిలీయే. ఈ మధ్యే సార్ కొడుకు ఆయన పెట్టె తెరిచి నాకు చూపించాడు. పాత టైంటేబుల్ పుస్తకాలు, వాటి అంచుల నిండా బస్సు వేళలు. ఒక్క ఊరు వదల్లేదు. జమ్మికుంట, జనగామ, చేర్యాల, వేములవాడ, పోచంపల్లి. ఏ రైల్వే ఆఫీసులోనూ నేను చూడని పుస్తకం అది.

మన ఊళ్ళకు కొత్త లైను సర్వేవాళ్ళు వస్తారు, రాళ్ళు పాతుతారు, తర్వాత జనం అభిప్రాయం కోసం సభ పెడతారు. మీరు ఇక్కడున్నా మీ అన్నదమ్ములు అక్కడున్నారు, ఫోన్ చేసి ఆ సభకు పొమ్మని చెప్పండి. పరిహారం గురించి ఎలాగూ అడుగుతారు, గట్టిగా అడగండి. దానితో పాటు, ఆఖరి బండి దిగాక ఊళ్ళోకి బస్సు ఎన్నింటికి ఉందో అది కూడా ఆ నివేదికలో రాసి సంతకం పెట్టమని అడగండి. రాయకపోతే ఆ కాగితం వెనకవైపు మీరే పెన్సిల్‌తో రాసి వాళ్ళ చేతికివ్వండి.